‘అసలు సంగతేందంటే’ అన్న మాట ఎక్కడ రావాలి?

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుకుంటున్న ఒక అమ్మాయి పోయిన వానాకాలం ఒక సాయంత్రం తన నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. నల్లగొండ జిల్లా పిల్ల. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఇంగ్లీషు పేపర్ కోసం 1908 మూసీ వరద మీద ఒక పేరా రాసింది. కోచింగ్‌లో దిద్దినవాళ్లు మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో రెండు ముక్కలు రాసి వదిలేశారు: ‘టాపిక్ సెంటెన్స్ లేదు’, ‘సెంటెన్స్ వెరైటీ లేదు’. అవి ఏమిటో, ఎట్లా తెచ్చుకోవాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

“చిన్న చిన్న వాక్యాలు రాస్తే చిన్నపిల్లల రాత అంటున్నరు మేడమ్. పొడుగ్గ రాస్తే గ్రామర్ తప్పులంటున్నరు. మరి ఎట్ల రాయాలె?”

ఆమె రాసిన పేరా ఇది. ఇంగ్లీషు వాక్యాలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాను, పైకి చదువుకుంటే వాటి నడక చెవికే తెలుస్తుంది.

“మూసీ ఈజ్ ఎ రివర్ ఇన్ హైదరాబాద్. ఇట్ ఈజ్ ఎ వెరీ ఓల్డ్ రివర్. ఇన్ 1908 ఫ్లడ్స్ కేమ్. మెనీ పీపుల్ డైడ్. సమ్ పీపుల్ క్లైంబ్డ్ ఎ టామరిండ్ ట్రీ. దే వర్ సేవ్డ్. విశ్వేశ్వరయ్య కేమ్. హి గేవ్ ఎ ప్లాన్. ఉస్మాన్‌సాగర్ వాజ్ బిల్ట్. హిమాయత్‌సాగర్ వాజ్ బిల్ట్. దే గేవ్ డ్రింకింగ్ వాటర్ ఆల్సో.”

పదకొండు వాక్యాలు. ఆరు పదాలు దాటిన వాక్యం ఒక్కటీ లేదు. గ్రామర్ తప్పు అని వేలుపెట్టి చూపించదగ్గది కూడా లేదు. అయినా చదువుతుంటే గతుకుల రోడ్డు మీద ఆటోలో పోతున్నట్టు ఉంటుంది. చదవడం అయ్యాక ‘ఇంతకీ ఈ పిల్ల ఏం చెప్పింది’ అన్న ప్రశ్న మిగులుతుంది.

నోటుబుక్కు మూసేసి, ఇదే విషయం నాకు తెలుగులో చెప్పమన్నాను. ఒక్క నిమిషం కూడా తడుముకోలేదు.

“మూసీల వరదొచ్చి, ఊరంత మునిగి మస్తు మంది సచ్చిపోయిన్రు మేడమ్. అఫ్జల్‌గంజ్‌ల చింతచెట్టు ఎక్కినోళ్లు మాత్రం బతికిన్రు. మళ్ల అట్ల కావొద్దని విశ్వేశ్వరయ్యను పిలిపిస్తే, ఆయనిచ్చిన ప్లాన్ తోటి కట్టిన చెరువుల నీళ్లే తర్వాత పట్నమోళ్లు తాగిన్రు. అసలు సంగతేందంటే, ముంచిన మూసీయే నీళ్లు తాపింది మేడమ్.”

ఎర్ర పెన్ను లేదన్న రెండూ ఈ నాలుగు వాక్యాల్లో ఉన్నాయి. నోట్లో ఉన్నవి కాగితం మీదకు వచ్చేసరికి ఎక్కడ పోయాయన్నదే మనం విప్పుకోవాల్సిన చిక్కు.

ముందు వాక్యాల సంగతి. పదో తరగతి తెలుగు వ్యాకరణంలో సామాన్య వాక్యం, సంయుక్త వాక్యం, సంక్లిష్ట వాక్యం అని మూడు రకాలు అందరం చదువుకున్నవాళ్లమే. ఇంగ్లీషు క్లాసులో సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్ అని మళ్లీ మూడు చదువుకున్నాం. కానీ ఒక క్లాసులో నేర్చింది రెండో క్లాసులోకి తీసుకుపొమ్మని మనకెవరూ చెప్పలేదు. రెండు భాషలూ మూడు రకాల వాక్యాలూ కడతాయి, ముడి వేసే చోటే వేరు. తెలుగులో క్రియ చివరన వచ్చే అక్షరాలు మారి ముడి పడుతుంది. ‘వచ్చి’ అంటే క్త్వార్థకం, ‘వస్తూ’ అంటే శత్రర్థకం, ‘వస్తే’ అంటే చేదర్థకం, ‘వచ్చినా’ అంటే అప్యర్థకం. పరీక్ష కోసం బట్టీ పట్టి మర్చిపోయిన పేర్లే. ఈ అసమాపక క్రియలను ఎన్నైనా వరసగా పేర్చుకుంటూ పోయి, చివర ఒక్క సమాపక క్రియతో వాక్యం ముగిస్తాం. ‘నిన్న వానలో తడుస్తూ వచ్చిన మా తమ్ముడు బట్టలైనా మార్చుకోకుండా పడుకుని పొద్దున్నే జ్వరంతో లేచాడు’ అన్న వాక్యంలో ‘లేచాడు’ ఒక్కటే సమాపక క్రియ. మిగతా పనులన్నీ దానికి తగిలించినవే. ఏది ముఖ్యం, ఏది దానికి ఆసరా అన్నది వినేవాడికి ఆ తగిలింపులోనే తెలిసిపోతుంది.

ఇంగ్లీషులో ఈ పని చాలా వరకు విడి మాటలు చేస్తాయి: వెన్, ఇఫ్, ఆల్దో, బికాజ్, హు, విచ్, వితౌట్. క్రియ చివర చేర్చే ‘ఇంగ్’ ఒకటి కొంత మన ‘తూ’కి దగ్గరగా ఉంటుంది. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేటప్పుడు, ‘వచ్చి’లోని ఆ చిన్న ముడికి సరిపోయే మాట చప్పున తట్టదు. అప్పుడు రెండే దారులు కనిపిస్తాయి. ఒకటి, ప్రతి క్రియ దగ్గరా ఫుల్‌స్టాప్ పెట్టి వాక్యాన్ని ముక్కలు చేయడం. ఆ అమ్మాయి చేసింది అదే. రెండోది, ప్రతి ముడి దగ్గరా ‘అండ్’ వేసుకుంటూ పోవడం: ‘ఐ గాట్ అప్ అండ్ బ్రష్డ్ అండ్ టుక్ బాత్ అండ్ వెంట్ టు కాలేజ్’. రెండింటిలోనూ జరిగే నష్టం ఒకటే. అన్ని పనులూ ఒకే ఎత్తున నిలబడతాయి. వేలమంది చనిపోవడం, మూసీ పాత నది కావడం ఆమె పేరాలో ఒకే బరువుతో ఉన్నది అందుకే. సెంటెన్స్ వెరైటీ అంటే రాతకు పూసే రంగు అనుకుంటే అది ఎన్నటికీ రాదు. ఏది పెద్దది, ఏది చిన్నది అని చదివేవాడికి చూపించే పద్ధతి అది.

కాబట్టి మొదట నేర్చుకోవాల్సింది కొత్త వాక్యాలు కాదు, మన ముళ్లకు ఇంగ్లీషులో జోడీలు. ‘వస్తే’కు ఇఫ్ లేదా వెన్. జరుగుతుందో లేదో తెలియనిదైతే ఇఫ్, తప్పక జరిగేదైతే వెన్. తెలుగు ఈ రెండింటినీ ఒకే రూపంలో ఇముడ్చుకుంటుంది గనక ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ‘వచ్చినా’కు ఆల్దో. ‘రాగానే’కు యాజ్ సూన్ యాజ్. ‘రాకుండా’కు వితౌట్ కమింగ్. ‘కట్టిన చెరువు’ లాంటివి కాస్త ఎక్కువ సాధన అడుగుతాయి, ఎందుకంటే వరస తిరగబడుతుంది. తెలుగులో వివరం నామవాచకానికి ముందు వస్తుంది: ఆయన ఇచ్చిన ప్లాన్. ఇంగ్లీషులో నామవాచకం ముందు, వివరం వెనక: ద ప్లాన్ దట్ హి గేవ్. ‘ఆయనిచ్చిన ప్లాన్ తోటి కట్టిన చెరువుల నీళ్లు’ అని ఒక్క గుక్కలో అనగలిగిన పిల్ల, దాన్ని ఇంగ్లీషులోకి తేవాలంటే చివరి నుంచి వెనక్కి నడవాలి: నీళ్లు, ఏ నీళ్లు, చెరువులవి, ఏ చెరువులు, కట్టినవి, దేని ప్రకారం, ఆయన ప్లాన్ ప్రకారం. నాలుగు రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఇట్లా చేస్తే ఐదో రోజు చెయ్యి దానంతటదే తిరుగుతుంది.

ఇక్కడ ఒక గోతి ఉంది. బాగా రాసేవాళ్లు కూడా పడతారు కాబట్టి కాస్త ఆగి చూద్దాం. ‘ట్యాంక్‌బండ్ మీద నడుస్తుంటే బుద్ధుడి విగ్రహం కనిపించింది’ అన్నది చక్కటి తెలుగు. నడిచింది మనం, కనిపించింది విగ్రహం, ఎవరికీ అనుమానం రాదు. ‘వాన పడి రోడ్లు మునిగాయి’, ‘కరెంటు పోయి పని ఆగింది’ కూడా అంతే. పడింది వాన, మునిగింది రోడ్లు. కర్తలు వేరైనా తెలుగు ఒప్పుకుంటుంది. ఇంగ్లీషు రాత ఒప్పుకోదు. ‘వాకింగ్ ఆన్ ట్యాంక్‌బండ్, ద బుద్ధ స్టాచ్యూ అపియర్డ్’ అని రాస్తే, నడిచింది విగ్రహమే అన్న అర్థం వస్తుంది. 1990లో పడవ మీద నుంచి హుస్సేన్‌సాగర్‌లో మునిగి, 1992లో పైకొచ్చి నిలబడిన ఆ ఏకశిల విగ్రహం నడిచిందంటే చదివేవాడు అక్కడే ఆగిపోతాడు. ‘ఇంగ్’తో వాక్యం మొదలుపెడితే, కామా తర్వాత వచ్చే మొదటి మనిషో వస్తువో ఆ పని చేసి ఉండాలి. చేయకపోతే ‘ఇంగ్’ వదిలేసి ‘వెన్’కో ‘యాజ్’కో మారాలి: ‘యాజ్ వి వాక్డ్ ఆన్ ట్యాంక్‌బండ్, వి సా ద బుద్ధ స్టాచ్యూ’. పిల్లలకు దీన్ని తప్పుల పట్టికలో పడేసి నేర్పుతారు. ఇది తెలియక చేసే తప్పు కాదు, తెలుగు ఇచ్చిన వెసులుబాటును ఇంగ్లీషులో వెతుక్కోవడమని చెబితే ఒక్కసారికే గుర్తుంటుంది. నా అనుభవం అది.

జోడీలు కుదిరాక అసలు పని మొదలవుతుంది. మెట్రో గురించి రెండు మాటలు తీసుకోండి: టికెట్ ఎక్కువ, టైమ్ కలిసొస్తుంది. ‘ఆల్దో ద ఫేర్ ఈజ్ హై, ద మెట్రో సేవ్స్ టైమ్’ అని రాయొచ్చు. ‘ఆల్దో ద మెట్రో సేవ్స్ టైమ్, ద ఫేర్ ఈజ్ హై’ అనీ రాయొచ్చు. సమాచారం ఒక్కటే, గ్రామర్ రెండింటిలోనూ సరైనదే. కానీ మొదటి వాక్యం రాసినవాడు మెట్రో ఎక్కుతాడు, రెండోవాడు బస్సు కోసం చూస్తాడు. తెలుగులో ఇది మనకు పుట్టుకతో తెలుసు. ‘టికెట్ ఎక్కువైనా టైమ్ కలిసొస్తుంది’ అనే మనిషికీ, ‘టైమ్ కలిసొచ్చినా టికెట్ ఎక్కువ’ అనే మనిషికీ తేడా ఎవరికి తెలియదు? ఏ మాటకు ఆల్దో తగిలిస్తే ఆ మాట పక్కకు తగ్గుతుంది, రెండోది ముందుకొస్తుంది. కాబట్టి వాక్యాన్ని ఏ ఆకారంలో కట్టాలన్నది, ఆ పేరాలో నేను ఏం చెప్పదలచుకున్నానన్న దాన్నిబట్టి తేలాలి. మెట్రో మేలన్న పేరాలో రెండో రకం వాక్యం రాస్తే, అది సొంత పేరానే వెనక్కి లాగుతుంది. ఎర్ర పెన్ను విడివిడిగా రాసిన ఆ రెండు ముక్కలూ నిజానికి ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి.

పొడుగు, పొట్టి గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఒగ్గుకథ విన్నవాళ్లకు వేరే పాఠం అక్కర్లేదు. కథకుడు గుక్క తిప్పుకోకుండా పొడుగ్గా చెప్పుకుంటూ పోయి, ఒక్క పొట్టి మాట దగ్గర ఆగుతాడు. డోలు కూడా ఆగుతుంది. ఆ పొట్టి మాటే ఇంటికెళ్లాక గుర్తుంటుంది. అన్నీ పొట్టి వాక్యాలైతే ఏ ఆగుడుకూ విలువ ఉండదు. అన్నీ పొడుగైతే ఆగే చోటే ఉండదు.

ఇక టాపిక్ సెంటెన్స్. ఒక పేరా మొత్తం దేని గురించి, దాని మీద నా మాట ఏమిటి అన్న రెంటినీ కలిపి చెప్పే వాక్యం అది. రెండో సగం లేకపోతే టాపిక్ ఉంటుంది, సెంటెన్స్ ఉండదు. ‘మూసీ ఈజ్ ఎ రివర్ ఇన్ హైదరాబాద్’ అన్నది నిజమే. అది చదివాక ‘ఎట్లా?’ అనో ‘ఎందుకు?’ అనో అడగబుద్ధి కాదు. పేరా అక్కడే అయిపోయింది, తర్వాతి పది వాక్యాలూ దానికి సంబంధం లేకుండా వచ్చి కూర్చున్నాయి. అదే ‘ముంచిన మూసీయే నీళ్లు తాపింది’ అన్నారనుకోండి, వెంటనే ‘అదెట్లా?’ అంటాం. ఆ ‘అదెట్లా’కు జవాబే పేరా.

ఈ వాక్యం ఆమెకు తెలియక కాదు. ఎక్కడ పెట్టిందో చూడండి: అన్నీ చెప్పాక, చివరన, ‘అసలు సంగతేందంటే’ అన్న తర్వాత. మనం మాట్లాడే తీరే అంత. పంచాయతీలో కూర్చున్న పెద్దమనిషైనా, పెళ్లి సంబంధం గురించి చెప్పే మేనత్తైనా, ముందు వెనకా ముచ్చటంతా పరిచి, ‘అసలు సంగతేందంటే’ అనో ‘చెప్పొచ్చేదేమిటంటే’ అనో ఒక మాట వేసి, అప్పుడు విప్పుతారు. వాక్యంలో క్రియ చివరన ఉన్నట్టే, ముచ్చటలో అసలు మాట చివరన ఉంటుంది. వినేవాడు ఓపికగా ఆగుతాడు, ఎదురుగా ఉన్నాడు కాబట్టి. ఇంగ్లీషు వాక్యం కర్తనూ క్రియనూ మొదట్లోనే బయటపెట్టి, వివరాలను వెనక తగిలిస్తుంది. పరీక్షల్లో, ఆఫీసు మెయిళ్లలో ఇంగ్లీషు పేరా కూడా అదే నడక ఆశిస్తుంది. అందుకే పిల్లలకు నేను చెప్పే ఉపాయం ఒక్కటే: చిత్తుప్రతిలో మీకు ‘అసలు సంగతేందంటే’ అనాలనిపించే చోటు వెతకండి. దాని తర్వాత వచ్చే వాక్యాన్ని కత్తిరించి పేరా నెత్తిన పెట్టండి.

ఇంగ్లీషు వాళ్ల బుర్ర తిన్నగా పోతుంది, మనది చుట్లు తిరుగుతుంది అని దీన్ని అర్థం చేసుకోవద్దు. 1966లో రాబర్ట్ కాప్లాన్ అనే అమెరికా భాషావేత్త అట్లాంటి బొమ్మలే గీశాడు. ఇంగ్లీషుకు ఒక నిలువు గీత, తూర్పు దేశాల భాషలకు ఒక సుడి. ఆ బొమ్మలు భాషా బోధనలో బాగా తిరిగాయి, గట్టి విమర్శలూ ఎదుర్కొన్నాయి. నాకైతే ఆ బొమ్మలు సరిపడవు. ‘అమ్మకు బాగోలేదు, వెంటనే బయల్దేరు’ అని ఫోన్ చేసే తెలుగువాడు ఏ సుడీ తిరగడు. మన పత్రికల్లో వార్త మొదటి వాక్యంలోనే అసలు సంగతి ఉంటుంది. అవసరం పడితే ముందు చెప్పడం మనకు బాగానే వచ్చు.

టాపిక్ సెంటెన్స్ మొదట్లోనే ఉండాలన్న సూత్రం కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1866లో స్కాట్లండ్‌లో అలెగ్జాండర్ బెయిన్ అనే ప్రొఫెసర్ పేరాకు నియమాలు రాశాడు. పేరా మొదటి వాక్యం చూస్తే ఆ పేరా దేని గురించో తెలియాలన్నది అందులో ఒకటి. అక్కడి నుంచి పాఠ్యపుస్తకాల్లోకి పాకింది. 1974లో రిచర్డ్ బ్రాడాక్ అనే అమెరికా అధ్యాపకుడు, చేయి తిరిగిన రచయితలు పత్రికల్లో రాసిన 25 వ్యాసాలు తీసుకుని పేరా పేరా పరీక్షించాడు. టాపిక్ సెంటెన్స్‌తో మొదలైన పేరాలు 13 శాతమే తేలాయి. చాలా పేరాల్లో ఆ వాక్యాన్ని వేలుపెట్టి చూపించడమే కష్టమైంది. మరి పిల్లలను ఎందుకు ఇబ్బంది పెట్టడం అని అడగొచ్చు. బ్రాడాక్ కూడా, పెద్ద రచయితలంతా ఇట్లాగే రాస్తారని పిల్లలకు అబద్ధం చెప్పొద్దన్నాడు. దానితో పాటే ఇంకో మాటా అన్నాడు: ఆ వ్యాసాల్లోనూ టాపిక్ సెంటెన్సులు మరికాస్త స్పష్టంగా ఉండి ఉంటే చదవడం తేలికయ్యేదని. నేను ఆయన రెండో మాట వైపే ఉంటాను. పేరున్న రచయితను పాఠకుడు ఇష్టపడి చదువుతాడు, ఎటు తీసుకుపోతే అటు వెళతాడు. కట్టలకొద్దీ పేపర్లు ముందేసుకున్న ఎగ్జామినర్ అట్లా రాలేడు. రాసే పిల్లకైతే దాంతో ఇంకో లాభం ఉంది. నెత్తిన ఒక వాక్యం పెట్టుకుంటే, కింద ఏది ఉండాలో ఏది పోవాలో ఆ వాక్యమే చెబుతుంది.

పరీక్షల లెక్క కూడా చెప్పుకుందాం, ఈ ఊళ్లో చాలామంది రాత నేర్చుకునేది వాటికోసమే కాబట్టి. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లీష్ 150 మార్కుల పేపర్. పదో తరగతి స్థాయి. ఆ మార్కులు ర్యాంకులో కలవవు, కానీ అర్హత రాకపోతే మిగతా ఆరు పేపర్లు ఎంత బాగా రాసినా లాభం లేదు. విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఐఈఎల్‌టీఎస్‌లో రెండో రైటింగ్ టాస్క్‌కు 40 నిమిషాల్లో కనీసం 250 పదాలు రాయాలి. దాన్ని నాలుగు కొలమానాలతో సమానంగా తూస్తారు. వాటిలో ఒకటి ఆలోచన ఒక వరసలో నడిచిందా అని చూస్తుంది, ఇంకొకటి వాక్యాల్లో రకాలు, వాటి సరితనం చూస్తుంది. అంటే మన రెండు ముక్కలకూ అక్కడ నేరుగా మార్కులున్నాయి. ఆ కంగారులోనే పిల్లలు టెంప్లేట్లు బట్టీ పడతారు. ‘ఇన్ దిస్ మోడర్న్ వరల్డ్’తో మొదలుపెట్టి, ప్రతి వాక్యం ముందూ ఒక మోరోవర్, ఒక ఫర్దర్‌మోర్. వాక్యం ముందు మాట మారింది గానీ లోపలి కట్టుబడి మారలేదు. యాంత్రికంగా అతికించిన ఇట్లాంటి మాటలను లోపంగా చూడమని ఐఈఎల్‌టీఎస్ వాళ్ల కొలమానాల్లోనే ఉంది. కష్టపడి బట్టీ పట్టిన పిల్లలు అక్కడ మార్కులు పోగొట్టుకుంటుంటే నాకు బాధగా ఉంటుంది.

సాధన ఎట్లా? ఇప్పటికి బాగా నిలబడిన పద్ధతి సెంటెన్స్ కంబైనింగ్, అంటే చిన్న వాక్యాలను రకరకాలుగా కలపడం. 1960ల చివర్లో, 70ల్లో అమెరికాలో దీని మీద గట్టి పరిశోధనలు జరిగాయి. 2007లో స్టీవ్ గ్రాహం, డొలోరెస్ పెరిన్ అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి చూసి, నాలుగో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లల రాతను మెరుగుపరిచే 11 పద్ధతులు చెప్పారు. వాటిలో ఇది ఒకటి. విడిగా గ్రామర్ సూత్రాలు నేర్పడం వల్ల రాత బాగుపడినట్టు మాత్రం వాళ్లకు కనిపించలేదు. మన దగ్గర బోర్డు మీద జరిగేది ఎక్కువగా ఆ రెండోదే.

నేను దీనికి ఒక మెట్టు ముందు కలుపుతాను. రాయబోయే ముందు తెలుగులో పైకి చెప్పి, ఫోన్‌లో రికార్డు చేసుకోమంటాను. తర్వాత విని, ఎక్కడ ‘చ్చి’, ‘తూ’, ‘తే’, ‘ఇనా’ వచ్చాయో కాగితం మీద గీతలు పెట్టుకోమంటాను. ఆ గీతలే ఇంగ్లీషులో ముళ్లు పడాల్సిన చోట్లు. ఆ తర్వాత అవే చిన్న వాక్యాలను రెండు మూడు విధాల కలిపి, పైకి చదివి, మనం చెప్పదలచుకున్న దానికి ఏది దగ్గరగా ఉందో ఎంచుకోవాలి. వ్యాసం మొత్తం రాశాక ఇంకో పని ఉంది: ప్రతి పేరాలో మొదటి వాక్యం మాత్రమే వరసగా చదవాలి. ఆ నాలుగైదు వాక్యాలతోనే వాదన అర్థమైతే సరే. కాకపోతే ఎక్కడ తెగిందో అక్కడే తెలుస్తుంది.

తెలుగును పక్కన పెడితేనే ఇంగ్లీషు వస్తుందని, కలలు కూడా ఇంగ్లీషులోనే కనాలని చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు. ఆ మాట విన్న పిల్లలు, తమకు బాగా వచ్చిన భాషను ఒక అడ్డంకిగా చూడడం మొదలుపెడతారు. ఇది నన్ను నిజంగా కలవరపెడుతుంది. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైన ఊరు ఇది. ఇంగ్లీషు చెప్పే టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి 1958లో ఒక జాతీయ సంస్థ పుట్టిన ఊరు కూడా ఇదే. తార్నాకలో ఇవాళ ఇఫ్లూగా (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీగా) ఉన్నది అదే. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం పెట్టినప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు అచ్చేశారు. ఆ రెండు పేజీలను పక్కపక్కన పెట్టి, ఇక్కడి ‘వచ్చి’ అక్కడ ఏమైందో వెతకడం కన్నా మంచి ఎక్సర్‌సైజు నాకు తెలియదు.

మళ్లీ ఆ అమ్మాయి నోటుబుక్కు దగ్గరకు. ‘ముంచిన మూసీయే నీళ్లు తాపింది’ అన్న మాటను మొదట్లో పెట్టి, దానికి కావాల్సినవే కింద ఉంచమన్నాను. ‘మూసీ పాత నది’ వెంటనే పోయింది. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి కాబట్టి ఆ సంవత్సరాలు వచ్చి చేరాయి. మూడు నాలుగు సార్లు కొట్టేసి రాశాక పేరా ఇట్లా నిలబడింది:

“ద రివర్ దట్ డ్రౌన్డ్ హైదరాబాద్ ఇన్ 1908 వెంట్ ఆన్ టు గివ్ ఇట్ డ్రింకింగ్ వాటర్. వెన్ ద మూసీ రోజ్ దట్ సెప్టెంబర్, ఇట్ స్వెప్ట్ అవే హోల్ నైబర్‌హుడ్స్ అండ్ కిల్డ్ థౌజండ్స్. టు ప్రివెంట్ అనదర్ ఫ్లడ్, ద నిజామ్స్ గవర్నమెంట్ కాల్డ్ ఇన్ విశ్వేశ్వరయ్య, హు ప్రపోజ్డ్ హోల్డింగ్ ద వాటర్ బ్యాక్ అబవ్ ద సిటీ. ఉస్మాన్‌సాగర్ వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1920 అండ్ హిమాయత్‌సాగర్ ఇన్ 1927. ద సిటీ డ్రాంక్ ఫ్రమ్ బోత్.”

పదకొండు వాక్యాలు ఐదయ్యాయి. ‘ముంచిన మూసీ’లోని ‘ముంచిన’, మొదటి వాక్యంలో ‘దట్ డ్రౌన్డ్’ అయింది. ‘వరదొచ్చి’లోని ముడి ‘వెన్’ అయింది. ‘కావొద్దని’ అన్నది ‘టు ప్రివెంట్’ అయింది. చివరి వాక్యం ఐదే పదాలు, అది ఆమె సొంతంగా వేసింది. పొడుగు వాక్యాల తర్వాత డోలు ఆగినట్టు ఆగుతుంది.

కానీ ఆమె మొహంలో ఇంకా ఏదో వెలితి ఉంది. “చింతచెట్టు పోయింది కదా మేడమ్,” అంది. సుమారు 150 మందిని కొమ్మల మీద నిలుపుకుని కాపాడిన చెట్టు అది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణ దగ్గర ఇప్పటికీ ఉంది, ఆమె పోయి చూసొచ్చింది కూడా. ఎంత మంచి విషయమైనా, పైనున్న వాక్యం అడగనిది ఆ పేరాలో నిలవదు. నీళ్ల గురించిన పేరాలో చెట్టుకు చోటు లేదు. చెట్టుకు దాని పేరా దానికి కావాలి, దాని నెత్తిన దాని వాక్యం కావాలి.

“చెట్టు గురించి నీకు అసలు సంగతేందమ్మా?” అని అడిగాను.

కాసేపు ఊరుకుంది. “వరద పోయింది, నిజాంలు పోయిన్రు. సాక్ష్యం చెప్పనీకి చెట్టు మాత్రం ఉన్నది మేడమ్,” అంది. తర్వాత నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పి, ఎవరి సాయం అడక్కుండా, మొదటి వాక్యం రాసుకుంది: “ఆల్దో ద ఫ్లడ్ అండ్ ద నిజామ్స్ ఆర్ గాన్, వన్ విట్‌నెస్ స్టిల్ స్టాండ్స్ ఇన్ అఫ్జల్‌గంజ్.”